ఉలవలు తొక్కిన కారు

మా ఆయన శ్రీను మంచివాడే. నా కారు సంగతి వస్తే మాత్రం మా ఇద్దరికీ అస్సలు పడదు. నాది చిన్న టర్బో హ్యాచ్‌బ్యాక్. ఆరు గేర్లు, ప్రతి గేరూ క్లచ్ తొక్కి చేత్తో మార్చుకోవాల్సిందే. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆపేశారు. పెళ్ళికి ముందు నా జీతంతో కొనుక్కున్న బండి, విజయనగరం నుంచి ఎచ్చెర్లలో ఆఫీసుకి రోజూ నేను దీంట్లోనే వెళ్ళొస్తాను. కిందటి నెలలో సరదా పడి స్ప్రింగులు మార్పించి బండిని అంగుళంన్నర కిందికి దింపాను. ఆ వారమే మా అత్త అప్పలనరసమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని రైతుబజారుకి వెళ్తే, మొదటి స్పీడు బ్రేకర్ దగ్గరే ఆవిడ నడుం పట్టేసింది. "మరి సచ్చినా ఈ బండెక్కను" అని వీధి గుమ్మంలో నిలబడి అందరూ వినేలా చెప్పింది. మా ఆయనకి కావలసిందీ అదే. గేర్లు మార్చక్కర్లేని పెద్ద బండి కొందామని ఏడాదిగా నా ప్రాణం తీస్తున్నాడు. నా కారుకి బేరం కూడా తెచ్చి పెట్టుకున్నాడు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఆదివారం అత్తని కళింగపట్నంలో ఆవిడ అక్కగారింటికి తీసుకెళ్ళాలి. నేను బలవంతం చేయకుండా, తిరుగు ప్రయాణం కూడా ఇదే బండిలో అని ఆవిడ తన నోటితో అంటే కారు ఉంటుంది. అనకపోతే సోమవారం పొద్దున్నే బేరగాడు వస్తాడు.

నేను రాసేవి చదివి, ఇలాంటి బండిని రోజూ వాడాలనుకునే వాళ్ళు నాకు మెసేజ్‌లు పెడుతుంటారు కాబట్టి దీని పోషణ గురించి కాస్త చెప్తాను. ఇంజన్ ఆయిల్ పుస్తకంలో రాసిన దూరం దాకా ఆగను, ఎనిమిది వేల కిలోమీటర్లకే మార్పిస్తాను. టర్బో బండికి ఆయిలే ప్రాణం. డెబ్భై వేల దగ్గర క్లచ్ ప్లేటు పోయింది. సామాను విశాఖపట్నం నుంచి తెప్పించి, కూలీతో కలిపి పద్దెనిమిది వేలయింది. టైర్లు ఒక సైజు వెడల్పువి వేయించాను, బ్రేకు ప్యాడ్లు మంచివి వేయించాను. ఈ రెండింటికీ ఒక్కరోజు కూడా బాధపడలేదు. స్ప్రింగులు దింపాక బండి పొట్ట రోడ్డుకి తగలడం మొదలైంది. మా మెకానిక్ సత్తిబాబు ఇంజన్ కింద ఇనప రేకు ఒకటి గార్డుగా బిగించాడు. "ఇంక రాయి తగిలినా రాయే పగలాల" అన్నాడు. రాయి సంగతి ఇద్దరం ఆలోచించాం గానీ, మిగతా వాటి గురించి ఆలోచించలేదు.

ఆదివారం ఉదయం ఆరున్నరకి బయల్దేరాం. నాతవలస మీదుగా హైవే ఎక్కితే దగ్గర. కానీ లారీలు పక్కనుంచి దూసుకుపోతుంటే మా అత్తకి కళ్ళు తిరుగుతాయి. అందుకని చీపురుపల్లి మీదుగా వెళ్ళి, లావేరు దాటాక హైవే ఎక్కుదామనుకున్నాను. ముందు సీటు బాగా వెనక్కి జరిపి, కిందో తలగడ వేసి కూర్చోబెట్టాను. "ఎక్కడమేటి, దిగడమే. నుయ్యిలోకి దిగినట్టున్నాది" అంది. నేను పళ్ళ బిగువున నవ్వాను. ఊళ్ళు దాటుతున్నప్పుడు ప్రతి స్పీడు బ్రేకర్ దగ్గరా మొదటి గేరులో, కాస్త ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించి దింపుతూ వెళ్ళాను. కింద రాసుకోలేదు. కానీ మమ్మల్ని ఒక సైకిలు దాటిపోయింది. అత్త ఆ సైకిలు వంక చూసి, "నడిసెళ్ళినా బేగి ఎల్దుం" అంది.

చీపురుపల్లి చేరేసరికి ఏడున్నర దాటింది. స్టేషనుకి దగ్గర్లో ఒక చిన్న హోటల్ ముందు ఆగాం. పెసరట్టు ఉప్మా, రెండేసి ఇడ్లీలు, టీలు అన్నీ కలిపి నూట ముప్ఫై రూపాయలు. అల్లప్పచ్చడి కోసమైనా అక్కడ ఆగవచ్చు. పెనం దగ్గరున్నాయన అట్టు తిరగేస్తూ నా కారు వంకే చూస్తున్నాడు. మెచ్చుకుంటాడేమో అని నేను కొంచెం నిటారుగా కూర్చున్నాను.

"అమ్మా, నాలుగు టైర్లూ ఒక్కపాలే గాలి దిగిపోనాయేటి? బండి అలా కూలబడిపోనాది" అన్నాడు.

అత్త నోట్లో ఇడ్లీ పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి దగ్గొచ్చేసింది. ఉప్మా పళ్ళెం పక్కకి తోసేయాలన్నంత ఉక్రోషం వచ్చింది నాకు, కానీ ఉప్మా బాగుంది. టీ తాగుతుంటే ఆవిడ కొంచెం మెత్తబడి, "ఒసే పద్దూ, మనసులో ఎట్టుకోకు. బండి నీకు ముద్దే. నాను కాదన్ను. నా నడుం కాదంతన్నాది" అంది. ఆ మాటతో నా ఆశ సగం చచ్చింది.

చీపురుపల్లి దాటి లావేరు వైపు వెళ్తుంటే రోడ్డు మీద ఉలవలు పరిచి ఉన్నాయి. మా వైపు తెలియని వాళ్ళకి చెప్పాలి. ఉలవ పంట కోతకొచ్చాక, ఎండిన మొక్కల్ని మోపులకి మోపులు తెచ్చి తారు రోడ్డు మీద పరుస్తారు. బస్సులూ ఆటోలూ తొక్కుకుంటూ పోతే గింజ రాలుతుంది. తర్వాత చెత్త దులిపి, గింజ ఊడ్చుకుని, గాలికి తూర్పారబడతారు. ట్రాక్టరు కిరాయి మిగులుతుంది, పని జరిగిపోతుంది. నా ముందు బస్సు వెళ్ళింది, ఆటో వెళ్ళింది. నేనూ వెళ్ళాను. కింద సర్రుమని రాసుకుంటూ ఉంటే, మెత్తటి చెత్తే కదా అనుకున్నాను.

"ఏటో మాడతన్నాది" అంది అత్త.

నాకు ఏ వాసనా రాలేదు. ఇంకొంచెం ముందుకెళ్ళేసరికి బానెట్ అంచుల్లోంచి సన్నగా పొగ. రోడ్డు మీద చెత్త లేనిచోట ఆపి, ఇంజన్ కట్టేసి, "దిగు అత్తా, దిగు" అని అరిచాను. నడుం నొప్పని పొద్దున్నంతా సణిగిన మనిషి నాకంటే ముందే దిగిపోయింది. వంగి చూద్దును కదా, సత్తిబాబు బిగించిన గార్డుకీ పొగ పోయే వేడి పైపుకీ మధ్య ఉలవ చెత్త కూరినట్టు నిండిపోయి ఉంది. లోపల ఒక ముద్ద రాజుకుంటోంది.

ఉలవలు పరిచిన ఆవిడ చేతిలో కొక్కెం కర్రతో పరిగెత్తుకొచ్చింది. పేరు పైడమ్మట, మా అత్త ఈడుదే. నేను డిక్కీలోంచి మంటలార్పే చిన్న సిలిండర్ తీసి పట్టుకునేలోగా, ఆవిడ కర్ర లోపలికి పెట్టి చెత్త మొత్తం బయటికి లాగేసింది. రాజుకుంటున్న ముద్ద రోడ్డు మీద పడింది. బిందెలో నీళ్ళు దాని మీద కుమ్మరించింది. కారుకి పోయిందల్లా ఒక ప్లాస్టిక్ రేకు అంచు, అంతే. భయమంతా కోపమై నా నోట్లోంచి వచ్చేసింది. "రోడ్డు మీ కళ్ళమా? కారు తగలడిపోయేది" అన్నాను.

"కళ్ళం ఉంటే ఈ రోడ్డెందుకు నాకు? బస్సెల్లింది, ఆటో ఎల్లింది, ఎవులికీ ఏటీ అవనేదు. నీ బండే పొట్ట నేలకానించి పాకతన్నాది" అంది పైడమ్మ.

సాయం కోసం అత్త వంక చూశాను. "అది సెప్పినదాంట్లో తప్పేటున్నాది?" అంది మా అత్త.

ఆ గార్డు ఉన్నంతసేపూ మళ్ళీ ఇదే జరుగుతుంది కాబట్టి, అది విప్పేయాల్సిందే. డిక్కీలో స్పానర్లు ఎప్పుడూ ఉంటాయి. ఇంజన్ చల్లారనిచ్చి, తలగడ కవరు పరుచుకుని కారు కిందికి దూరాను. నాలుగు బోల్టులు. ఒకటి బిగుసుకుపోయి మొరాయించింది. చెయ్యి గీరుకుపోయింది. అత్త రోడ్డు మీద గొంతుక్కూర్చుని నా వంకే చూస్తోంది.

"నీకీ పనొచ్చా?"

"రోజూ తిరగాలంటే రావాలి కదా అత్తా. దారిలో ఆగిపోతే ఎవరొస్తారు?"

అత్త నాతో కాదు, పైడమ్మతో అంది. "మా నాయినా ఇంతే. ఎడ్లబండి ఇరుసుకి ఆవదం తనే రాసీవోడు. పాలేరుని గానీ, మా అన్నల్ని గానీ సెయ్యెట్టనిచ్చీవోడు కాదు. బండి మాట ఇనాలంటే మన సెయ్యే తగలాల అనీవోడు." ఆ మాటలు కారు కింద పడుకుని విన్నాను. నా పెళ్ళయ్యాక ఇప్పటిదాకా ఆవిడ వాళ్ళ నాన్న గురించి మాట్లాడడం నేను వినలేదు. నన్ను ఆయనతో పోల్చి మాట్లాడుతోందని అర్థమై, మిగిలిన బోల్టు ఎలా విప్పానో నాకే తెలియదు.

గార్డు డిక్కీలో పడేశాక వెళ్ళిపోదామనుకుంటే పైడమ్మ వదల్లేదు. ఆదివారం కావడంతో బళ్ళు తక్కువ, గింజ సరిగా రాలలేదు. "నీ టైర్లు ఎడల్పుగున్నాయి గదమ్మా. ఎలాగూ ఆగినావు. నాలుగు సుట్లు తిప్పీ" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇప్పుడే కదా కాలబోయింది అన్నాను. ఆవిడ కర్రతో పైచెత్త అంతా ఎత్తి గట్టున పడేసి, కింద పలచగా ఉన్నదే మిగిల్చింది. మా అత్త అప్పటికే ముందు సీట్లో కూర్చుని అద్దం దించేసింది.

ఇరవై నిమిషాలు ఉలవలు తొక్కించాను. మొదటి గేరు, రివర్సు, మళ్ళీ మొదటి గేరు. సగం క్లచ్ మీద బండిని ఎద్దులా నడిపించాను. ఆ పని సత్తిబాబు చూస్తే గుండె పట్టుకుని కూర్చునేవాడు. రెండు చుట్లకోసారి దిగి కింద చూసుకున్నాను. అత్త మాత్రం కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇటొగ్గీసినావు, ఇటు తొక్కు" అంటూ ఒకటే హుషారు. ఆవిడ నడుం నొప్పి ఎటు పోయిందో నేను అడగలేదు. పైడమ్మ చెరో గ్లాసు మజ్జిగ ఇచ్చి పంపింది.

లావేరు దాటి హైవే ఎక్కి, ఎచ్చెర్లలో మా ఆఫీసు గేటు చూపించాను. అత్త ఎప్పుడూ మా ఆఫీసు చూడలేదు. "రోజూ ఇంత దూరం ఒక్కదానివే ఒస్తన్నావా?" అని అడిగింది. అవునన్నాను. శ్రీకాకుళం నుంచి గార మీదుగా కళింగపట్నం చేరేసరికి పదకొండున్నర అయింది. పెట్రోలు రానూపోనూ పదహారు పదిహేడు వందలవుతుంది. ఊళ్ళోకి రాగానే ఒడ్డున పడవలు, ఇసకలో పరిచిన చేపలు, ఎండు చేపల వాసన. పెద్దత్త వంజరం పులుసు పెట్టింది. తిన్నాక అక్కచెల్లెళ్ళిద్దరూ మాటల్లో పడితే, నేను వంశధార సముద్రంలో కలిసే చోటికి వెళ్ళి కూర్చున్నాను. అక్కడ కూర్చున్నా నా మనసు సోమవారం మీదే ఉంది. కారంటే కారు కాదు నాకు. పొద్దున్నే ఎవరినీ అడక్కుండా తాళం తీసుకుని వెళ్ళిపోయే ఆ గంటన్నర నా సొంతం. అది పోతుందంటే ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చాను కూడా.

సాయంత్రం నాలుగున్నరకి బయల్దేరబోతుంటే పెద్దత్త కొడుకు రమణ బావ తన కొత్త బండి తెచ్చి నా కారు పక్కన ఆపాడు. గేర్లు మార్చక్కర్లేని ఎత్తు బండి, అచ్చం మా ఆయన కోరుకునేదే. "పిన్నీ, నాను ఇజీనారమే ఎల్తన్నాను. ఇందులో ఎక్కీ. కడుపులో సల్ల కదలకుండా దింపీస్తాను" అన్నాడు. ఇది మా ఆయన ఫోను చేసి చేయించిన ఏర్పాటని బావ మొహంలోనే తెలిసిపోతోంది. అత్తని బలవంతం చేయకూడదన్నది ఒప్పందం కాబట్టి నేను వెళ్ళి నా కారు డిక్కీ తీశాను. అంతలో పెద్దత్త ఎండు చేపల సంచి తెచ్చి నా డిక్కీలో పెట్టబోయింది.

"అప్పా, అందులో ఎట్టకు. వాసన పట్టీస్తాది" అంది మా అత్త వాళ్ళక్కతో. "రవణా, ఈ సంచి నీ బండిలో ఏసుకో. రేపు మా సీను ఒచ్చి తెచ్చుకుంటాడు. నాను నా కోడలితో ఎల్తన్నాను."

ఎవరూ చెయ్యి ఇవ్వకుండానే, డోరు పట్టుకుని ఆ నుయ్యిలోకి దిగి కూర్చుంది. గార దాటాక ఫోను కలపమంది. "ఒరే సీనూ, రేపొస్తానన్నోడికి రావద్దని సెప్పీ. బండి కొంచెం ఎత్తు సేయించాల. అంతేగానీ అమ్మడమేటి? నీకు పెద్దబండి గావాలంటే నువ్వు కొనుక్కో. దాని బండి దానిది" అని, జవాబు వినకుండానే ఫోను నా ఒళ్ళో పడేసింది. నా కళ్ళు మసకబారి రోడ్డు కనపడలేదు. గేరు తగ్గించి పక్కకి ఆపాను. "మల్లీ ఏటి కాలతన్నాది?" అంది.

ఎవరి పిచ్చి వారికి ఆనందం అంటారు. రోజూ వాడే బండికి ఆ పిచ్చి ఎంతవరకు నప్పుతుందో నేను అంకెల్లో లెక్కేసుకున్నానే గానీ, పక్క సీట్లో కూర్చునే మనిషిని లెక్కలో వేసుకోలేదు. వెడల్పు టైర్లు ఉన్నాయి, బ్రేకులు ఉన్నాయి, గేర్లు ఎలాగూ ఉన్నాయి. కిందికి దిగిన ఆ అంగుళంన్నర తిరిగి ఇచ్చేస్తే నాకు పోయేదేమీ లేదు. ఉలవల కాలంలో ఈ దారిన వచ్చేవాళ్ళు పరిచిన చోట ఆగి, పక్కకి జరపమని మర్యాదగా అడిగి, దాటాక ఒకసారి కిందికి వంగి చూసుకుంటే చాలు.

ఇక నేనిచ్చే సలహా ఒక్కటే. బండికి ఏం మార్చినా, కంపెనీ సామాను పారేయకండి. నా పాత స్ప్రింగులు పాతసామాన్లవాడికి ఇచ్చేయమని నేనే ఇంట్లో చెప్పాను. సోమవారం కొత్తవి ఆర్డరు పెట్టబోతుంటే, మా అత్త తన మంచం కింద నుంచి గోనెసంచి ఈడ్చుకొచ్చి నా ముందు పెట్టింది. నాలుగూ ఉన్నాయి. తుప్పు పట్టకుండా ఆవదం కూడా రాసింది.