నిండుగా చూపిన ముల్లు

అరవైల మొదట్లో ఉరవకొండలో నేను బాడిగ కారు నడిపేవాణ్ని. బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు దగ్గర కొన్న పాత ఇంగ్లీషు బండి. ఇంజను గట్టిదే. డ్యాష్‌బోర్డుతోనే చిక్కు. పెట్రోలు మీటరు ముల్లు గతుకు తగిలినప్పుడల్లా ఎగిరి పడేది. మీటర్ల వెనక చిన్న బల్బులు ఒకరోజు వెలిగితే ఇంకోరోజు మొండికేసేవి. అందుకని ట్యాంకులో తంగేడు కట్టె ముంచి, తడి ఎంతవరకు ఉందో చూసుకుని బయల్దేరేవాణ్ని.

నా స్నేహితుడు కార్ల కరెంటు పని చేసేవాడు. ఇద్దరం బళ్లారిలో ఒకే షెడ్డులో పని నేర్చుకున్నాం. నేను స్టీరింగు వైపు పోయాను, అతను వైర్ల వైపు. ఒకే గదిలో వండుకుని తిన్నవాళ్లం. నాకు టైఫాయిడు వచ్చినప్పుడు జావ కాచి తాగించింది అతనే.

ఆ ఏడు వానల్లేక వేరుశనగ నేలలోనే మాడిపోయింది. పంట లేక పెళ్లిళ్లు లేవు, పెళ్లిళ్లు లేక బాడిగలు లేవు. గుడ్డల షావుకారు ఒక్కడే వారం వారం నా కారులో గుంతకల్లుకు పోయేవాడు. నా ఇల్లు గడిచేది ఆ బాడిగతోనే. అప్పుడే నా స్నేహితుడి బామ్మర్ది కూడా ఒక కారు కొని బస్టాండు దగ్గర పెట్టాడు. ఎక్కేవాళ్లు లేక అది అక్కడే ఎండుతుండేది.

ఒకరోజు స్నేహితుడు తనంతట తానే అడిగాడు.

"ఎన్నాళ్లన్నా ఈ కట్టెతో యాతన? బండి ఈడ వదిలిపో, అంతా సరిజేస్తా."

సాయంత్రం పోయేసరికి బల్బులన్నీ చక్కగా వెలుగుతున్నాయి. ముల్లు నిండు గీత మీద నిలబడి ఉంది.

"బండి తిప్పి చూసినా. ట్యాంకు గూడా నింపించినా. ఇంక ముల్లును నమ్ముకో" అని నా కట్టెను విరిచి అవతల పారేశాడు. సంతోషం పట్టలేక అతణ్ని కావలించుకున్నాను.

మర్నాడు పొద్దున షావుకారు పరుగున వచ్చాడు. కోడలికి కాన్పు కష్టమైంది, మంత్రసాని చేతులెత్తేసింది, అనంతపురం ఆసుపత్రికి పోవాలి. స్నేహితుడి షెడ్డు షావుకారు ఇంటికి ఎదురుగానే ఉండేది. ఆ అమ్మాయిని వెనక సీట్లో పడుకోబెడుతుంటే అతనూ వచ్చి సాయం పట్టాడు. కారు తలుపు మూసింది అతనే. నా ముఖం మాత్రం చూడలేదు. కంగారులో ఉన్నాడనుకున్నాను.

కూడేరు దాటాక ఇంజను దగ్గి ఆగిపోయింది. ముల్లు నిండు గీత మీదే ఉంది. బండిని పట్టి ఊపాను. ట్యాంకులో చుక్క అలికిడి లేదు.

"పెట్రోలు పోసుకునేది గూడా తెలీదేమప్పా నీకు?" షావుకారు అరిచాడు. లోపల ఆ అమ్మాయి కేకలు. అత్తగారు కొంగు పట్టి ఎండ ఆపుతోంది. ఎంతసేపటికో బొగ్గు మూటల లారీ వస్తే, ఆ మూటల మీదనే పడుకోబెట్టి తీసుకుపోయారు.

ఒక్కణ్నే మిగిలాను. స్క్రూలు విప్పి మీటరు బయటికి లాగాను. ట్యాంకు నుంచి వచ్చే వైరు తెగి ఉంది. అరిగి తెగింది కాదు, ప్లయర్‌తో నున్నగా కోసింది. ఒకదానికొకటి తగలకుండా రెండు కొసలకూ కొత్త టేపు చుట్టి ఉంది. టేపు ఊడదీసి, రెండు కొసలూ కలిపాను. ముల్లు నిండు గీత మీది నుంచి జారి సున్నా మీద పడింది. వైరు వదిలితే మళ్లీ నిండు. నమ్మలేక మళ్లీ మళ్లీ కలిపి చూశాను.

దారిన పోయే బండివాళ్లు కాస్త పెట్రోలు పోస్తే ఆసుపత్రికి చేరాను. మగబిడ్డ. తల్లి కూడా బతికింది. షావుకారు నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. తిరిగి నేరుగా షెడ్డుకు పోయాను.

"వైరు ఎందుకు కోసినావు?"

అతను బుకాయించలేదు. "షావుకారు గుంతకల్లు దావలో నిలబడిపోతాడు, ఇంక మా బామ్మర్ది బండి ఎక్కుతాడనుకుంటి. ఇట్ల కాన్పొస్తాదని నాకేం తెల్సు?"

"తలుపు మూసేటప్పుడు తెల్సు గదప్పా. అప్పుడన్నా చెప్పకూడదా?"

"చెప్తే ఊళ్లో ఎవురన్నా నాకు పనిస్తారా?" అని చేతిలోని ప్లయర్ పక్కన పెట్టి, "ఆయమ్మకేం గాలే గదన్నా. బిడ్డ గూడా బాగుండాడంట" అన్నాడు.

కొడదామని పోయినవాణ్ని, చెయ్యి లేవలేదు. ఆ "అన్నా" అనే పిలుపు ఎప్పటిలాగే ఉంది. నాకు అదే భరించలేనిదైంది.

షావుకారుకు జరిగింది చెప్పాను. "ఎవురేం జేసినా ఆగింది నీ బండే గదప్పా" అన్నాడు. పై వారం నుంచి బామ్మర్ది కారులో పోసాగాడు.

కొన్నాళ్లకు బండి అమ్మేసి గుంతకల్లులో లారీ డ్రైవరుగా చేరాను. తర్వాత మంచి మెకానిక్కులే తగిలారు. పని అయ్యేదాకా వాళ్ల పక్కనే నిలబడేవాణ్ని, టీకి పిలిచినా కదిలేవాణ్ని కాదు. మా మీద నమ్మకం లేదా అని అడిగేవాళ్లు. అలవాటు అని చెప్పేవాణ్ని.