మా గరాజ్‌లో దాచిన పందెపు కుక్క

మా చిన్నతనంలో శనివారమంటే ఉప్మా... అమెరికాలో మాకది నాలుగో ఏడాది, నాకు పదమూడో ఏడు. ఆ ఊళ్ళో ఉప్మారవ్వ దొరికేది కాదు. అక్కడివాళ్ళు జావ కాచుకునే రవ్వనే అమ్మ దోరగా వేయించేది. ఆ పొద్దున్న కూడా కింద కూర్చుని, పెట్టెలో చీరల మధ్య చుట్టి తెచ్చుకున్న కత్తిపీట మీద ఉల్లిపాయలు తరుగుతోంది. నేను కుర్చీలు తుడుస్తున్నాను. చెల్లి పాటల పుస్తకాలు సర్దుతోంది. నెలకోసారి జరిగే తెలుగు ప్రార్థన కూడిక ఆ మధ్యాహ్నం మా ఇంట్లోనే.

గరాజ్ తలుపు చప్పుడైంది. నాన్న వచ్చారు.

నాన్న పశువుల డాక్టర్. స్టేట్ గవర్నమెంట్ ఉద్యోగం... కూడికలో అందరికీ అంతవరకే తెలుసు. ఆ ఉద్యోగం కుక్కల పందేలు జరిగే మైదానంలో అని మేమెవరికీ చెప్పలేదు. పరుగుకు ముందు కుక్కలను తూచి, కాళ్ళు చూసి పంపాలి. గెలిచినదాని మూత్రం పట్టి పరీక్షకు పంపాలి, మందు పెట్టి పరిగెత్తించారేమోనని. నాన్న ఏనాడూ పందెం కాయలేదు. అయినా పందెం పాపమని ప్రతి కూడికలోనూ వినేవాళ్ళం కదా... నోరు మెదపలేదు.

ఆ పొద్దున్న ఆయన చేతుల్లో సన్నని గోధుమరంగు కుక్క. ముందరి కాలికి పిండికట్టు.

"ఏంటండీ ఇది, ఇవాళా!" అంది అమ్మ.

"కాలు విరిగింది. ఇక పరిగెత్తదు. దాని ఓనర్లు ప్రాణం పోయే ఇంజెక్షన్ ఇచ్చెయ్యమన్నారు... నాకు చేతులు రాలేదే. మేం పెంచుకుంటామని అడిగి తెచ్చా. మనం కూడా వద్దంటే దాని పని అయిపోయినట్టే."

పాపం, దానికి ఇల్లంటే ఏమిటో తెలియదు. వంటింట్లోకి ఎక్కే మూడు మెట్ల ముందు నిలబడి వణికింది. పెరటి అద్దం తలుపు కనపడక ముక్కు కొట్టుకుంది. చెల్లి దానికి బుజ్జి అని పేరు పెట్టి ఉప్మా తినిపించబోతే, "ఉల్లిపాయ కుక్కలకి పడదమ్మా" అని నాన్న ఆపి, పెరుగన్నం కలిపి పెట్టారు. తిని, చెల్లి ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది...

మధ్యాహ్నం దాన్ని గరాజ్‌లో దాచాక అయిదు కుటుంబాలు వచ్చాయి. కూడిక నడిపించే పెద్దాయన భార్య సరోజా ఆంటీ, కూల్‌డ్రింక్‌లు తేవడానికి గరాజ్‌లోకి వెళ్ళి కేక పెట్టింది.

"ఓ వదినా! దీనికి అన్నం పెట్టట్లేదా ఏంటి? డొక్కలు లెక్కపెట్టొచ్చు! మా ఆయన్ని ఓ నెల దీని దగ్గర ట్రైనింగ్‌లో పెట్టాలి."

అందరూ నవ్వుతూ గరాజ్‌లోకి వచ్చారు. ఆంటీ వంగి బుజ్జి చెవి తిప్పి చూసింది. పందెపు కుక్కలకు చెవి లోపల ఆకుపచ్చ సిరాతో నంబరు పొడుస్తారు.

"ఈ పచ్చబొట్టేంటే, చెవిలో?"

నాన్న గొంతు సవరించుకున్నారు. నిజం చెప్పబోతున్నారు. ఆ ముఖం నాకు తెలుసు.

"పక్కింటివాళ్ళదాంటీ!" అన్నాను. "ఊరెళ్తూ మమ్మల్ని చూసుకోమన్నారు. నంబరు... తప్పిపోతే దొరకడానికట."

ఎవరూ నేర్పలేదు. అంత నున్నగా ఎలా వచ్చిందో ఈనాటికీ తెలియదు.

ముగింపు ప్రార్థనలో కూడిక నడిపించే అంకుల్ మా కోసం ప్రత్యేకంగా స్తోత్రం చెల్లించారు. "పొరుగువారి మూగజీవిని సైతం ఆదరించిన ఈ ఇంటిని బట్టి నీకు స్తోత్రం తండ్రీ. ఈ బిడ్డను మాకందరికీ మాదిరిగా నిలబెట్టు." అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను, గట్టిగానే...

మొన్న చెల్లి ఒక వార్త పంపింది. ఆ రాష్ట్రంలో కుక్కల పందేలను చట్టం చేసి ఆపేశారట. ఆ మైదానం భవనంలోనే ఇప్పుడు ధర్మసంస్థల పేరున, డబ్బు పెట్టి ఆడే ఎలక్ట్రానిక్ ఆటల మెషీన్లు పెడతారట. వాటికీ లైసెన్సులు, వాటినీ తనిఖీ చేసే స్టేట్ ఉద్యోగులు. వాళ్ళ పిల్లలు బయట ఏం చెప్పుకుంటారో...

రోజులు మారాయి. నేనిప్పుడుంటున్న ప్లేనోలో మా సంఘంలోనే ఇద్దరు బుజ్జిలాంటి పందెపు కుక్కలను తెచ్చుకుని పెంచుకుంటున్నారు. గర్వంగా ఫొటోలు పెడతారు, చెవిలో నంబరుతో సహా. నేను లైక్ కొట్టి ఊరుకుంటాను. నలుగురేమనుకుంటారోనని మీరూ చిన్నప్పుడు ఏదైనా దాచి ఉంటే కింద రాయండి. తప్పుపట్టే అర్హత నాకు లేదు. నాది ఇంకా కొంచెం ఉంది.

ఆ శనివారం సాయంత్రం కుటుంబ ప్రార్థన అయ్యాక నాన్న మమ్మల్ని లేవనివ్వలేదు. ఏ సంగతైనా ఇంట్లో చిన్నవాళ్ళతో మొదలుపెట్టి అందరినీ అడగడం ఆయన పద్ధతి.

"ఇది మనింట్లో ఉండాలంటే వచ్చే కూడికలో లేచి నిజం చెప్పాలి. నా ఉద్యోగం సంగతి కూడా. నేను చెప్తాను. మీరేమంటారు?"

"బుజ్జి ఉండాలి" అంది చెల్లి.

నా వంతు వచ్చింది. "పంపించేద్దాం నాన్నా. నేను అబద్ధం ఆడానని అందరికీ తెలిసిపోద్ది."

"పంపిస్తే ఏమవుతుందో తెలుసు కదమ్మా?"

"తెలుసు."

అమ్మ నా ముఖం చూసింది. "పిల్ల నలుగురిలో తలదించుకోవడం నాకిష్టం లేదండీ."

 నాన్న నన్ను ఒక్క మాటైనా అనలేదు. సోమవారం పొద్దున్న డ్యూటీకి వెళ్తూ ఆయన బుజ్జిని తీసుకెళ్ళాలని, ఇంజెక్షన్ వేరే ఎవరి చేతా కాకుండా ఆయనే ఇవ్వాలని, పక్కింటివాళ్ళు ఊరి నుంచి వచ్చి వాళ్ళ కుక్కను తీసుకెళ్ళారని సరోజా ఆంటీకి నేను ఫోన్ చేసి చెప్పాలని, ఆ సాయంత్రం మా ఇంట్లో నిర్ణయమైంది.