ఉడుకునీళ్లు పోసిన రాళ్లు

కార్వాన్‌లో మా ఇంటి ముందుగదిలో నాలుగడుగుల సముద్రపు నీళ్ల అక్వేరియం ఉండేది. పెళ్లయిన రెండో ఏడు నేనే మోజుపడి పెట్టించుకున్నాను. మాది పాల వ్యాపారం. వెనక కొట్టంలో తొమ్మిది బర్రెలు. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ గాజుపెట్టె ఒక్కటే అనిపించేది. అత్తమ్మ మొదట్లో గొణిగింది. తర్వాత తర్వాత పాలు పిండి వచ్చి, చాయ్ గ్లాసుతో దాని ముందే కూర్చునేది.

“గిది చూస్తే సాలు బిడ్డా, సముద్రం దాకా పోవుడెందుకు?” అనేది.

కిందటి ఎండాకాలం నీళ్లను చల్లగా ఉంచే చిల్లర్ పాడైంది. అది బాగయ్యేలోపు చేపలు ఒక్కొక్కటే పోయాయి. కొన్ని తేలాయి. కొన్ని తేలకుండానే మాయమయ్యాయి. ఎక్కడ వెతికినా ముల్లు కూడా దొరికేది కాదు. చివరికి రెండే మిగిలితే వాటిని కిషన్‌బాగ్‌లో చేపల దుకాణం నడిపే భాయ్‌కి ఇచ్చేశాను.

“ఉప్పునీళ్లు బంద్ చెయ్ బెహన్. డిస్కస్ పెట్టుకో. అది మంచినీళ్ల చేప, వెచ్చగ ఉంటేనే బతుకుతది. మన ఎండలకు ఫికర్ లేదు” అన్నాడాయన. తొట్టిలో ఉన్న అరచేయంత చేపల్ని చూపించాడు. పళ్లేల్లా చదునుగా, నీలి చారలతో మెల్లగా తిరుగుతున్నాయి. మనసు పడిపోయింది. ఇసుక, రాళ్లు, పైపులు అన్నీ తీసేయాలని, ఉప్పు జాడ కూడా మిగలకూడదని చెప్పాడు. నేను బయలుదేరుతుంటే వెనక నుంచి పిలిచాడు.

“ఆ పత్థర్లు మాత్రం గీకకు. ఉడుకునీళ్లు అస్సలు పొయ్యకు. బకెట్ల నీళ్లల్ల ముంచి నా దగ్గరికి తే.”

ఎందుకని నేను అడగలేదు. అన్నేళ్లుగా సముద్రపు జీవులు పెరిగిన నా రాళ్లను ఇంకెవరికో అమ్ముకుందామని చూస్తున్నాడనుకున్నాను. ఇంట్లో ఎవరికీ ఆ మాట చెప్పలేదు.

ఆదివారం పొద్దున నీళ్లన్నీ తోడేశాం. రాళ్ల మీద గోధుమరంగు గుండీల్లాంటి జీవులు గుంపులుగా ఉండేవి. గాలి తగలగానే అన్నీ ఒక్కసారిగా ముడుచుకున్నాయి. పెద్ద రాయిని పైకెత్తితే దాని బొక్కలోంచి ఒక పురుగు బయటికి వచ్చింది. జానెడు వచ్చింది, ఇంకో జానెడు వచ్చింది, ఇంకా వస్తూనే ఉంది. ఒంటినిండా కాళ్లు.

“ఇన్నొద్దులు ఇది మన ఇంట్లనే ఉన్నదా?” అంది అత్తమ్మ. చేపలు ఎటు పోయాయో అప్పుడు తెలిసింది.

“ఉడుకునీళ్లు పోద్దాం. పాల క్యాన్లు గట్లనే కడుగుతం కదా. ఏమున్నా సస్తది. మంచిగ కడిగి గడప పక్కన పెట్టుకుందాం” అందామె. పెద్ద గిన్నెను పొయ్యి మీదికి ఎక్కించింది.

భాయ్ మాట గుర్తుకు రాలేదని చెప్పలేను. వచ్చింది. అయినా రాళ్లను బాత్రూంలో వరసగా పేర్చింది నేనే, మరుగుతున్న నీళ్లు పోసింది నేనే. గుప్పుమని ఆవిరి లేచింది, వెంట్రుకలు కాలిన వాసన. అత్తమ్మ కింద కూర్చుని బ్రష్‌తో గీకడం మొదలుపెట్టింది. ఆ చిన్న గదిలో ఇద్దరం గంటసేపు ఉన్నాం.

మధ్యాహ్నం అన్నం నోట్లో పెట్టుకుంటే ఇనుము నాకినట్టు ఉంది. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కాయి. అత్తమ్మ రెండు ముద్దలు తిని లేచింది. కాసేపటికి దగ్గు. ఎర్రటి ఎండలో గొంగడి కప్పుకుని వణికింది.

“ఊపిరి ఆడ్తలేదు బిడ్డా” అంది. సాయంత్రం పాలు పోసి వచ్చిన మా ఆయన మా ఇద్దరినీ చూసి, వెంటనే ఆటో పిలిచాడు.

ఆస్పత్రిలో డాక్టరు ఏం తిన్నారని అడిగాడు. ఇద్దరం పప్పు, అన్నం అన్నాం. ఆయనకు ఏమీ అంతుపట్టలేదు. అత్తమ్మకు ఆక్సిజన్ పెట్టారు. నేను దగ్గుతూనే భాయ్‌కి ఫోన్ చేశాను. రాళ్లు కడిగామని చెప్పగానే అడిగాడు.

“ఉడుకునీళ్లు పోసినవా?”

“పోసిన భాయ్.”

“యా అల్లా! ఆ రాళ్ల మీది గుండీలల్ల జెహర్, విషం ఉంటది బెహన్. ఆవిరిల కలిసి లోపలికి పోతది. డాక్టర్‌కు ఫోన్ ఇయ్యి. ఆ గదిలకు ఎవ్వలు పోవద్దు. ఇంట్ల ఎవలున్నరు?”

అప్పుడు చూశాను, పక్కన మా ఆయన లేడు. బట్టలు తెస్తానని ఇంటికి వెళ్లాడు. నా ఫోన్ డాక్టరు చేతికిచ్చి, ఇంకో ఫోన్ అడుక్కుని ఆయనకు చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఆ రింగు వింటున్నంతసేపు నాకు బాత్రూం తలుపే కనబడింది. నాలుగోసారికి ఎత్తాడు.

“ఏందే లొల్లి? వాసన గబ్బు లేస్తుంది, రాళ్లు కడిగేసి వస్త. బ్రష్ పట్టుకొని తలుపు కాడనే ఉన్న.”

“తలుపు తియ్యకు! బయటికి పో! నీకు దండం పెడ్త, బయటికి పో!”

నా గొంతు విని బయటికి వెళ్లిపోయాడు.

నేను మూడో రోజు ఇంటికొచ్చాను. అత్తమ్మ వారం పైన ఆస్పత్రిలోనే ఉంది. భాయ్ మాస్కు, చేతి తొడుగులు వేసుకుని వచ్చి రాళ్లను మూతల డబ్బాల్లో నింపుకుపోయాడు. గదంతా బ్లీచింగ్‌తో కడిగాడు.

అత్తమ్మ ఇంటికొచ్చాక ఒక పొద్దున, మా ఆయన కొట్టంలో ఉన్నప్పుడు చెప్పేశాను.

“భాయ్ ముందుగాల్నే చెప్పిండత్తమ్మా. నేనే ఇనలే.”

ఆమె గోడవైపు తిరిగింది. “మీ ఆయనకు చెప్పకు” అంది. తిట్టి ఉంటే బాగుండేది.

పెట్టెను ఎన్నోసార్లు కడిగి, మంచినీళ్లు నింపి, వారాల తరబడి నడిపి, ఆఖరికి ఆరు డిస్కస్ చేపలు వదిలాను. బాగానే బతుకుతున్నాయి. నా చేతి దగ్గరికొచ్చి మేత తింటాయి. బర్రెల పని ఇప్పుడు నాది. అత్తమ్మ నాలుగు మెట్లు ఎక్కితే నిలబడిపోతుంది. ముందుగదిలోకి రాదు. చాయ్ లోపలి గదిలోనే తాగుతుంది. మేత వేస్తుంటే అక్కడి నుంచి ఆమె దగ్గు వినబడుతుంది. అది ఆగేదాకా డబ్బా పట్టుకుని నిలబడతాను. చేపలు అద్దం దగ్గరికొచ్చి నాకేసి చూస్తుంటాయి.