లైన్ కొండప్ప

ఇంగ్లీషు నుంచి మన సీమలోకి దిగిన మాటల్లో లైన్ అన్నంత చాకిరీ చేసే మాట ఇంకొకటి కనబడదు. హిందూపురం బస్టాండులో ఒకరి వెనక ఒకరు నిలబడితే లైన్. ధర్మవరం బయట రైలు ఆగిపోతే లైన్ ఇవ్వలేదంటారు. ఫోను ఎత్తినవాడు లైన్లో ఉంటాడు. పిల్ల వెంట తిరిగేవాడు లైన్ వేస్తాడు. తాగుడు మానినవాడు లైన్లో పడ్డాడంటారు, పట్టుచీరలు వదిలి ప్లాట్లు అమ్మబోయినవాడు లైన్ మార్చాడంటారు. నిఘంటువులు తిరగేస్తే దీని పుట్టుక అవిసె నారతో పేనిన దారమని తేలుతుంది. పెనుకొండ కోట కట్టిన తాపీవాళ్ళూ గోడ వంకర పోకుండా దారమే పట్టి ఉంటారు, కాకపోతే దాన్ని దారమనే అని ఉంటారు. నాలా ఊళ్ళు తిరిగేవాడికి ఇలాంటివి ఆలోచించే తీరిక ఉంటుంది. కొండప్పకు లేదు. అతనికి లైన్ అంటే పదకొండు వేల వోల్టుల తీగ. అది అతని కుడిచేతిని మోచేతి పైదాకా తినేసింది.

పెనుకొండ దగ్గరి పల్లె అతనిది. కరెంటు పనికి కాంట్రాక్టు మీద కుదిరాడు, ఇవాళో రేపో పర్మినెంటు అవుతుందన్న ఆశ మీద స్తంభాలెక్కాడు. వెంకటమ్మ ఇంటిముందు స్తంభం పదేపదే ఎక్కుతుంటే వాళ్ళ అవ్వ కిందనుంచి అడిగిందట: "ఏమబ్బా, జబ్బు స్తంభానికా, నీకా?" ఆ ఏడే వాళ్ళిద్దరికీ పెళ్ళయింది.

తీగ ముట్టేముందు ఫోను చేసి కరెంటు ఆపించుకోవాలి, దాన్ని లైన్ క్లియర్ అంటారు. ఒక్క ఫ్యూజుకు అంత తతంగం ఎవరూ పెట్టుకోరు. ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇనుప హ్యాండిల్ ఉంటుంది. దించితే పైన కరెంటు పోతుంది, ఎత్తితే వస్తుంది. దాని తాళం ఎప్పుడో పోయింది. అందుకని కొండప్ప హ్యాండిల్ దించి, తన ఎర్ర తువ్వాలు దానికి ముడేసి ఎక్కేవాడు. తువ్వాలుంటే పైన మనిషి ఉన్నట్టు. దాయాదులు ఒకరి గడ్డివాములు ఒకరు తగలబెట్టుకున్న ఊరే గానీ, ఆ తువ్వాలు మీద చేయి వేసినవాడు లేడు.

ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద చెన్నకేశవులు బోరూ, అతని చిన్నాన్న కొడుకు రాఘవేంద్ర బోరూ నడిచేవి. ఎండాకాలం. రెండు మోటార్లూ ఒకేసారి వేస్తే ఫ్యూజు ఎగిరిపోయేది, అందుకని వంతులు పెట్టుకున్నారు. ఒక పొద్దున అలాగే ఎగిరింది. కొండప్ప తువ్వాలు కట్టి ఎక్కాడు. కింద చెన్నకేశవులు కొడుకు సురేష్, రాఘవేంద్ర ఎదురుపడ్డారు.

"వంతు మాదైతే నీ మోటారు ఏంటికి వేసినావు చిన్నాయనా?"

"వంతు మీ నాయన రాసిచ్చినాడా?"

"నాయన జోలికి రావద్దు. లైన్ దాటుతాండావు."

"దాటితే ఏం పీకుతావు రా?"

సురేష్ పార కామ కర్రతో రాఘవేంద్ర మోకాలి మీద కొట్టాడు. రాఘవేంద్ర కుప్పకూలుతూనే గడ్డపార తిప్పాడు. సురేష్ తల పగిలిన చప్పుడు పైనున్న కొండప్పకు వినబడింది. రక్తం కళ్ళలోకి కారి గుడ్డివాడైపోయిన సురేష్, తడుముకుంటూ మీద పడి రాఘవేంద్ర చెవి కొరికి పట్టుకున్నాడు. సగం చెవి ఊడి వచ్చింది. వాళ్ళను విడదీద్దామని కొండప్ప దిగడానికి నడుము తాడు విప్పుకోవడం మొదలుపెట్టాడు.

పక్క చేలో కలుపు తీస్తున్న కూలిమనిషి ఎస్తేరు అతనికన్నా ముందొచ్చింది. సురేష్‌ను జుట్టు పట్టి అవతలికి లాగింది. తల నుంచి రక్తం ఎగజిమ్ముతోంది. చేతికందిన గుడ్డ ఒక్కటే, హ్యాండిల్‌కున్న తువ్వాలు. ముడి విప్పి తలకు బిగించి కట్టింది. సురేష్ ఇవాళ బతికున్నది ఆ కట్టువల్లే.

రాఘవేంద్ర లేచాడు. ఒక చెవి నిండా రక్తం, ఒళ్ళంతా కోపం. మోటారు వేసి తీరాలని కుంటుకుంటూ హ్యాండిల్ దగ్గరికి పోయాడు. తువ్వాలు లేదు. కొండప్ప ఫ్యూజు వేసి దిగిపోయాడనుకున్నాడు. తల పైకెత్తి చూడకుండా హ్యాండిల్ ఎత్తాడు. కొండప్ప కుడిచేయి ఇంకా తీగ దగ్గరే ఉంది. నీలం మంట లేచింది. మనిషి మూటలా కింద పడ్డాడు. కాలిన మాంసం వాసనకు ఎస్తేరు వాంతి చేసుకుంది.

హిందూపురం ఆస్పత్రిలో చేయి తీసేశారు. తెలివి వచ్చేసరికి మంచానికి అటు చెన్నకేశవులు, ఇటు రాఘవేంద్ర బామ్మర్ది.

"రాఘవేంద్ర నిన్ను చూసే ఎత్తినాడని చెప్పు," చెవిలో అన్నాడు చెన్నకేశవులు. "వాన్ని లోపలేయించే పని మాది."

అతను టీకి పోగానే రాఘవేంద్ర బామ్మర్ది వంగాడు. "తువ్వాలు ఎస్తేరుతో చెన్నకేశవులే తీయించినాడని చెప్పు. ఆ కూలిదాని పేరు చెబితే నీకేం పోతాది?"

ఎవరి మాట విన్నా తువ్వాలు ఎవరు తీశారన్న ప్రశ్న ముందొస్తుంది, వేలు ఎస్తేరు మీదికే పోతుంది. ఆ ఊళ్ళో కేసు కోర్టుకు చేరేలోపు ఇల్లు కాలుతుంది, అదీ వెనక మనుషులు లేనివాళ్ళ ఇల్లు. అప్పటికే ఎస్తేరు రేకుల ఇంటి మీద రాళ్ళు పడుతున్నాయి. ఆమె తమ్ముణ్ణి రాఘవేంద్ర మనుషులు ట్రాక్టరుకు కట్టి కొట్టారని వెంకటమ్మే చెప్పింది.

హెడ్ కానిస్టేబులు వచ్చి స్టూలు లాక్కున్నాడు. "నాలుగు లైన్లు రాసుకుని పోతానప్పా. ఎవురు ఎత్తినారు?"

"చూడలేదు సార్."

"తువ్వాలు ఎవురు తీసినారు?"

"కడితే కదా సార్ తీసేది. ఆ పొద్దు నేను కట్టనేలేదు."

"సురేష్ తలకున్నది నీది కాదా?"

"అట్లాంటివి సంతలో శానా దొరుకుతాయి."

కానిస్టేబులు పెన్ను ఆపాడు. "తప్పంతా నీదే అవుతాది. ఉద్యోగం రాదు, పరిహారమూ రాదు. తెలిసే చెప్తాండావా?"

"రాయండి సార్."

తలకూ చెవికీ దాయాదులు వాళ్ళలో వాళ్ళు రాజీ పడ్డారు. కొండప్ప ఆస్పత్రి మెట్లు దిగుతుంటే, తలకట్టుతో సురేష్ ఎదురొచ్చి కడుపులో తన్నాడు. "మా నాయన అన్ని దినాలు నీ మంచం కాడ కూచున్నది దీనికా?" వెంకటమ్మ చేతిలోని క్యారియరుతో ఆ కట్టు మీదే కొట్టింది. మళ్ళీ రక్తం. ఇక ఆ ఊళ్ళో ఉండే వీల్లేక ఇద్దరూ ధర్మవరం చేరారు. స్టేషన్ రోడ్డులో బండి మీద బొరుగులతో ఉగ్గాణి చేసి అమ్ముతున్నారు.

పోయిన నెల ఆ బండి దగ్గర నేను తింటుండగా ఎస్తేరు వచ్చింది. వెంకటమ్మ గరిటె పడేసి, ఆమె జుట్టు పట్టుకుని రోడ్డు మీదికి ఈడ్చింది. లైన్లో నిలబడ్డవాళ్ళు ప్లేట్లు పట్టుకుని చూస్తున్నారు. విడిపించబోయిన కొండప్పకూ ఒకటి తగిలింది.

"చేయి పోయింది నీ వల్ల కాదు, నాకు తెలుసు. బతుకుదెరువు పోయింది నీ వల్లే."

"కొట్టక్కా," అంది ఎస్తేరు.

వెంకటమ్మ ఇంకో రెండు కొట్టి, రొప్పుతూ నిలబడింది. జుట్టు వదల్లేదు.

"ఇల్లు ఉండాదా?"

"ఉండాది."

"నీ తమ్ముడు?"

"నడుస్తాండాడు."

"అయితే ఆడికే పో. ఈడికి రావద్దు," అని జుట్టు వదిలేసింది. ఎస్తేరు తెగిన చెప్పు చేతిలో పట్టుకుని స్టేషన్ వైపు నడిచింది. కొండప్ప ఎడమచేత్తో గరిటె తీసి, నీళ్ళలో ముంచి కడుగుతున్నాడు.