బాపు విన్న ఇంగ్లిష్ పాట

నేను నిజామాబాద్‌లో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న రోజులవి. అప్పట్లో ఎందుకో తెలియని చిరాకు నన్ను కుదురుగా ఉండనిచ్చేది కాదు. ఇంగ్లిష్ రాక్ పాటలు పాడితేనే కాస్త తేలికయ్యేది.

కాలేజీ వార్షికోత్సవానికి పాత రాక్ బృందాల పాటలను అచ్చం అలాగే వాయించే బ్యాండ్లు రెండు హైదరాబాద్ నుంచి వచ్చాయి. మూడోది మా కాలేజీది. అందులో పాడేది నేనే. ఆ సంగతి బోధన్ దగ్గర చెరకు పండించే మా నాన్నకు, అంటే మా బాపుకు, తెలియదు. ప్రోగ్రాం చూసి వస్తానని మాత్రమే చెప్పాను.

మా వంతు వచ్చేసరికి జనం విసిగిపోయారు. నేను గొంతెత్తగానే "తెలుగు పాట పాడు!" అంటూ అరుపులు, ఈలలు. ఒక చెప్పు వచ్చి డ్రమ్ము మీద పడింది. అప్పుడే, నన్ను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన బాపు ముందు వరుస పక్కన కనిపించాడు. పాట ఆగిపోయింది.

బాపు జనం వైపు తిరిగాడు.

"ఏంది గీ లొల్లి? మా బిడ్డ పాడుతున్నది, ఇనుండ్రి!"

అరుపులు సద్దుమణిగాయి. కళ్లు మూసుకుని పాట పూర్తి చేశాను.

బోధన్ దారిలో స్కూటర్ మీద బాపు వెనక, ఎప్పుడు తిడతాడోనని బిగుసుకుని కూర్చున్నాను.

"గంతగనం మొత్తుకున్నవు. గా పాటల ఏమున్నది బిడ్డా?"

"ఉన్నకాడ మనసు నిలుస్తలేదు, ఎటన్న పోవాలె, యాడికో తెల్వది అని ఉన్నది బాపూ."

బాపు అన్నాడు: "నీ వయసుల నాకు గూడ గట్లనే ఉంటుండె."

బాపుకు కూడా ఒకప్పుడు నా వయసు ఉండేదని ఆ రాత్రి వరకు నాకు తట్టనే లేదు.