మా నాన్న సున్నం వేసిన జైలు గది

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. చైతన్యపురి హాస్టల్ సాంబారు కన్నా ఘోరమైనది లోకంలో లేదని ఒకటి, నాకన్నా గొప్ప ఆర్టిస్టు ఇంకా పుట్టలేదని రెండోది. (సాంబారు విషయంలో నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు.) బొమ్మల కాలేజీ నుంచి అప్పుడే బయటపడ్డ మేం నలుగురం, హయత్‌నగర్ అవతల మూతపడ్డ ఓ పాత సబ్‌జైలును కూల్చేలోపు అందులో ఎగ్జిబిషన్ పెట్టుకోవడానికి అనుమతి సంపాదించాం. బొమ్మలు తెచ్చి తగిలించడం కాదు, ఆ జైలే బొమ్మ కావాలన్నది మా పట్టుదల. ఖైదీలు గోడల మీద గీసినవీ రాసినవీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి, కాస్త వెలుతురు మాత్రం పెడతాం. ఎల్బీనగర్‌లో మా ఇంటికి వెళ్లి, ఇళ్లకు రంగులు వేయించే మేస్త్రీ అయిన మా నాన్నకు ఇదంతా ఓపిగ్గా వివరించాను. ఆయన అంతా విని, "అంటే మీరేం గియ్యరా? మరి కాలేజీల గిన్నేండ్లు ఏం నేర్పిన్రు?" అన్నాడు.

నిజానికి ఆ జైలు మా ఇంటికి కొత్త కాదు. నాన్నకు అన్న, అంటే మా పెదనాన్న, లారీ డ్రైవర్. ఓ యాక్సిడెంట్ కేసులో అక్కడే రిమాండ్‌లో ఉండి, బెయిల్ వచ్చేలోపే గుండె ఆగి చనిపోయాడు. మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. ఎగ్జిబిషన్ సంగతి తెలియగానే పెద్దమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఆయన పండుకునే కాడి గోడకు లారీ బొమ్మ గీసిన్నని ములాఖత్‌ల చెప్పిండు బిడ్డా. ఎనక నా పేరు రాసిండంట. నన్ను జాలీ దాటి లోపటికి రానియ్యకపాయిరి. జర చూపిస్తవా?"

వెతికాను, దొరికింది. మూడో గదిలో, బొగ్గుతో గీసిన వంకర టైర్ల లారీ. వెనక పలక మీద పెద్దమ్మ పేరు, ఒత్తు తప్పుగా. ఆ గది నాకే కావాలని స్నేహితులతో పోట్లాడి తీసుకున్నాను. మూడో గది నాదని నాన్నకు చెప్పాను గానీ, లారీ సంగతి చెప్పలేదు. ప్రారంభం రోజునే చూసి ఆశ్చర్యపోవాలని నా ఎత్తు. (ఎగ్జిబిషన్‌లో ఎవరో ఒకరు ఏడిస్తే బాగుంటుందని కూడా మా నలుగురికీ ఉండేది.)

ఆ రోజు పొద్దున బ్యానర్లు తేవడానికి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి వచ్చేసరికి మూడో గది తెల్లగా మెరిసిపోతోంది. నాన్న, ఆయన కూలీలు బ్రష్షులు కడుక్కుంటున్నారు. ఆశ్చర్యపరచాలని ఆయనకూ ఉండదా మరి!

"ఉన్నది ఉన్నట్టె అంటివి గని, పిల్ల మొదటి ఫంక్షన్‌కు సున్నం ఎయ్యకుంటె ఎట్ల?" అన్నాడు గర్వంగా. "గోడల నిండ మసి, పిచ్చి గీతలు. మావోళ్లు మొత్తం గోకిన్రు. రెండు కోటింగ్‌లు ఏసినం."

అక్కడ ఏముండేదో చెప్పాను. నాన్న తడి గోడకు చెయ్యి ఆనించి నిలబడిపోయాడు. "అన్న గీసిందా?" అని ఒకటే మాట మళ్లీ మళ్లీ అడిగాడు.

సాయంత్రం పెద్దమ్మ మంచి చీర కట్టుకుని వచ్చింది. జరిగింది చెప్పి, లారీ దొరికిన రోజు ఫోన్‌లో తీసుకున్న ఫోటో చూపించాను. చాలాసేపు చూసింది.

"మంచిగ గీసిండు. గని గిది ఫోనే గద బిడ్డా. నేను జర ముట్టుకోవాల్ననుకున్న."

ఫోన్ నా చేతిలో పెట్టి గోడ దగ్గరికి వెళ్లి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అరచేత్తో తడిమింది. చూడవచ్చినవాళ్లు అదీ ప్రదర్శనలో భాగమే అనుకుని గొంతులు తగ్గించారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. నాన్న గుమ్మం దాటి లోపలికి రాలేకపోయాడు.

"వదినా, నా చేతులు పడిపోను," అన్నాడు.

పెద్దమ్మ చేతికంటిన సున్నాన్ని చూసుకుంటూ ఇటు తిరిగింది. "గట్లనకు. నల్లులు కుడుతున్నయ్, గోడలు కంపు కొడుతున్నయ్, నిద్ర పడ్తలేదని ములాఖత్‌కు ఒచ్చినప్పుడల్ల ఏడ్సెటోడు. గప్పుడే నువ్వొచ్చి గింత సున్నం ఏసుంటే, కండ్ల నిండ పండుకునేటోడు."



జనం పలచబడ్డాక ఒక పెద్దమనిషి నా దగ్గరికి వచ్చి, అన్నిటిలోకీ ఆ తెల్ల గదే తనను పట్టేసిందని, అది ఎవరి పని అని అడిగాడు. "మా నాన్నది," అన్నాను. కాకి గీసిన గీత కూడా తనదే అనేంత పొగరున్న పిల్ల, ఆ ఒక్క సాయంత్రం అంత బుద్ధిగా ఎలా మాట్లాడిందో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.