అత్తమ్మ, రెక్కల పాము

మా అత్తమ్మ రుక్మిణికి తప్పు పట్టడం ఊపిరి తీసుకోవడం లాంటిది. ఆదోనిలో ఆమె వంక పెట్టని మనిషి లేడు. పెళ్లిచూపుల్లో నేను పాట మొదలుపెట్టగానే, "గొంతు బాగలేదు, ఇంక సాలు, కాఫీ తాగు" అంది. సంబంధం ఖాయమైంది ఆ మాటతోనే. ఆమె తప్పు ఎవరైనా చూపిస్తే మాత్రం ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు.

మామయ్య వెంకటేశ్వర్లు పత్తి వ్యాపారి. కిందటేడు పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. మాట పోలేదు గానీ దాన్ని వాడడం ఆయనే మానేశారు. డాక్టరు పిసకమని ఇచ్చిన రబ్బరు బంతి హాల్లో ఆయన మంచం కింద దొర్లుతుండేది. చూడవచ్చినవాళ్లు ఆయన ఎదురుగానే, "ఎట్లాంటి మనిషి, ఎట్లయిపాయె!" అని నిట్టూర్చేవారు. కొన్నాళ్లకు వాళ్లూ రావడం మానేశారు.

ఒక మధ్యాహ్నం అత్తమ్మ టీవీ ముందు కూర్చుని, మా ఆయన మణిదీప్ ఆడుకునే వీడియో గేమ్ రిమోట్ చేతిలోకి తీసుకుంది.

"ఇది ఎట్ల ఆడేది రా?" అని కొడుకును అడిగింది.

"ఇందులో నువ్వే వీరురాలివమ్మా. ఊర్లు తిరగల్ల, జనాలకు సాయం చెయ్యల్ల, కడాకు డ్రాగన్‌ను సంపల్ల."

"అంటే?"

"నిప్పులు కక్కే రెక్కల పాము."

ఆ రోజు నుంచి ఆ మాయలోకంలో ఎవరికీ మనశ్శాంతి లేదు. "ఊరు తగలబడతాంటే మూలికలు ఏరుకొని రమ్మంటాదేమి ఈ ముసల్ది?" "ఇనుప సొక్కా తొడుక్కొని పొట్ట బయట పెట్టుకుందే ఈ పిల్ల! కత్తి యాడ దిగుతాదో తెలీదా?" మాంత్రికుడి గడ్డానికి కూడా వంక పెట్టింది.

ఆట మాత్రం ఘోరం. కాలి చచ్చింది, మునిగి చచ్చింది, ఒకసారి కోడి పొడిచి చచ్చింది. వంతెన పక్క గోతిలో పడని రోజు లేదు.

చివరికి మంచం మీద నుంచి గొంతు లేచింది. "గొయ్యి ఉండాది గదే! కండ్లు లేవా నీకు?"

ఈ పూటకు పొయ్యి వెలగనట్టే అనుకున్నాను.

"యాడ?" అంది అత్తమ్మ మెల్లగా. మళ్లీ పడింది.

"ఎడమ పక్క పో! బుద్ధి ఉండాదా?"

"లేదులేప్పా. నువ్వు సెప్పు."

ఇక రోజూ అదే. మామయ్య తిట్టడానికి లేచి కూర్చునేవారు. తిట్టీ తిట్టీ విసుగెత్తి రిమోట్ లాక్కునేవారు. కుడి బొటనవేలు కదలకపోతే ఎడమచేత్తో దాన్ని నొక్కి, దాన్నీ తిట్టేవారు. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు అత్తమ్మ ఆ గోతిని అవలీలగా దూకడం నేను చూశాను.

"ఆట వచ్చీ రానట్టు ఎందుకత్తమ్మా?" అని వంటింట్లో అడిగాను.

"ఆయప్పను అందరూ జాలిగా సూస్తాండారు. తిట్టేటోన్ని ఎవరూ జాలిగా సూడరు," అంది. వెంటనే, "ఉల్లిగడ్డలు ఇంత లావు తరుగుతారా ఎవరైనా?" అంది.

డ్రాగన్ దగ్గర మామయ్య ఓడిపోయారు. మళ్లీ ఆడి మళ్లీ ఓడిపోయారు. "ఈ చెయ్యి ఉండీ ఒకటే, లేకా ఒకటే!" అని రిమోట్ విసిరేసి గోడవైపు తిరిగి పడుకున్నారు.

అత్తమ్మ రిమోట్ తీసుకుని, తన వీరురాలిని తిన్నగా పాము నోటి ముందు నిలబెట్టి, చేతులు కట్టుకు కూర్చుంది. మంటలు మొదలయ్యాయి.

మామయ్య ఓరగా చూశారు. "కాలిపోతాంది! జరుగు!"

"నాకు రాదు."

"ఇట్ల తే!"

లాక్కున్నారు. ఈసారి ఎడమచెయ్యి సాయానికి రాలేదు. కుడి బొటనవేలు తనంతట తాను, ఆలస్యంగానే అయినా, కదిలింది. రెక్కల పాము కొండ మీద నుంచి దొర్లింది.

మామయ్య తన వేలినే చూసుకుంటూ ఉండిపోయారు. కాసేపటికి దగ్గి, "ఇంతేనా? ఒక్క పాముకే అయిపాయనా ఆట?" అన్నారు.

అత్తమ్మ నన్ను పక్కకు లాగి చెవిలో చెప్పింది.

"రెండో భాగం ఉండాదంట, మణిదీప్‌ను తెమ్మను. దాంట్లో ఇంకా అధ్వానంగా ఆడతా."